కారు కింద మడుగు

"అమ్మా, ముల్లు మళ్లీ పైకి పోతోంది!"

ముందు సీట్లో కూర్చున్న బిందుమాధవి వేలు చూపించింది. స్టీరింగ్ వెనక ఉన్న డయల్లో సన్నటి ముల్లు ఎర్రగీత వైపు మెల్లగా జరుగుతోంది.

మిర్చి యార్డు ముందు రోడ్డంతా లారీలే. ఒక్కో లారీలో మిర్చి టిక్కీలు, అంటే మిర్చి కుక్కిన గోనె బస్తాలు, మేడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ముందు లారీ జరిగితే కాని వెనక బండి జరగదు. మార్చి నెల ఎండ. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. బిందు వాళ్లమ్మ జ్యోతిర్మయి గుంటూరులో ఒక కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు స్కూల్ దగ్గర ఆగి, బిందునీ పక్కింటి ఉదయ్ కుమార్‌నీ ఎక్కించుకుని నల్లపాడు తీసుకొస్తుంది.

"ఇది మూడోసారి. మొన్ననే కదా బాగుచేయించాం!" అంది అమ్మ. ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

వెనక సీట్లోంచి ఉదయ్ ముందుకు వంగాడు. "ఆంటీ, ఏసీ ఆపేసి హీటర్ పెట్టండి."

బిందు గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఏంటీ, హీటరా? ఈ ఎండలోనా? మతి పోయిందా నీకు?"

"మా నాన్న చెప్పాడు. హీటర్ పెడితే ఇంజన్ వేడి కొంత మన వైపు వచ్చేస్తుంది. ఇంజన్‌కి కాస్త హాయి."

ఉదయ్ వాళ్ల నాన్న లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి హీటర్ తిప్పింది. అద్దాలన్నీ దించింది. లోపలికి వేడిగాలి, బయటి నుంచి మిర్చి ఘాటు. ముగ్గురూ ఒకేసారి దగ్గడం మొదలుపెట్టారు. బిందు కళ్లలోంచి నీళ్లు కారాయి.

కాని ముల్లు ఆగింది. ఎర్రగీతకు కొంచెం కింద, అక్కడే నిలబడిపోయింది.

లారీలు దాటి ఖాళీ రోడ్డు మీదికి రాగానే ముల్లు తన చోటికి దిగిపోయింది.

"చూశావా!" అన్నాడు ఉదయ్ ముక్కు తుడుచుకుంటూ.

"థాంక్స్‌రా నాన్నా," అంది అమ్మ.

బిందు అద్దంలోంచి వాణ్ణి చూసింది. వీడికి ఇంత కచ్చితంగా ఎలా తెలుసు? ఏం చేస్తే తగ్గుతుందో తెలిసినవాడికి, ఏం చేస్తే పెరుగుతుందో కూడా తెలిసే ఉండాలి కదా?

ఆ అనుమానం అలా మొదలైంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో అందరి అనుమానాలూ బయటికి వచ్చాయి.

"మొన్న బాగుచేసిన ఆ రైలు గేటు దగ్గర మెకానిక్కే ఏదో చేశాడు. కొత్త సామాను వేశానని చెప్పి పాతదే వేసి ఉంటాడు," అంది అమ్మ.

"మెకానిక్‌ని అనడం ఎందుకు? మనకి ఈ బండి అమ్మినవాడిని అనాలి. పాడైన బండిని రంగేసి అంటగట్టాడు," అన్నాడు నాన్న సురేంద్ర. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అప్పటికే ఆ అమ్మినాయనకి ఫోన్ చేసి గట్టిగా నాలుగు మాటలు అనేశాడు కూడా.

నాయనమ్మ వెంకాయమ్మ ఇద్దరి మాటా ఒప్పుకోలేదు. "ఎవరూ కాదు. దిష్టి. ఈ వీధిలో ఆడపిల్ల కారు నడుపుతుంటే ఎన్ని కళ్లు పడ్డాయో!" అంటూ గుప్పెడు ఎండుమిరపకాయలు తీసుకుని కారు చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది.

అందరూ దగ్గారు.

"దగ్గు వచ్చిందంటే దిష్టి లేనట్టే కదమ్మా," అన్నాడు నాన్న.

"యార్డు దగ్గర దగ్గీ దగ్గీ మీకు అలవాటైంది. ఆ దగ్గు లెక్కలోకి రాదు," అంది నాయనమ్మ.

బిందు నవ్వలేదు. ఆమె చూపు కారు కిందే ఉంది. సిమెంటు నేల మీద చిన్న నీళ్ల మడుగు. నిన్న కూడా అక్కడే చూసింది. మొన్న కూడా.

ఇంజన్ చల్లగా ఉండడానికి రేడియేటర్లో నీళ్లుంటాయని సైన్స్ మేడం చెప్పింది. ఆ నీళ్లు కారిపోతే ఇంజన్ వేడెక్కుతుంది. అంటే ఎవరో ఆ నీళ్లు తీసేస్తున్నారు!

ఆరేసిన బట్టలు తేవడానికి బిందు డాబా ఎక్కింది. పిట్టగోడ మీంచి కిందికి చూసి ఆగిపోయింది.

కారు ముందు ఉదయ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పొడవాటి కొబ్బరి పుల్ల. ముందున్న జాలీ సందులోంచి పుల్ల లోపలికి దూర్చి, ఏదో పొడుస్తున్నాడు.

"ఒరేయ్!" అని అరిచింది బిందు.

ఉదయ్ ఉలిక్కిపడి పైకి చూశాడు. అంతలోనే పక్కింట్లోంచి వాళ్లమ్మ సౌజన్య ఆంటీ పిలిచింది. పుల్ల పట్టుకుని పరుగెత్తాడు.

బిందు బట్టల సంగతే మరచిపోయింది. దొరికాడు! కాని ఎందుకు చేస్తున్నాడు? ఆలోచిస్తే కారణం కూడా దొరికింది. పోయిన వారం ముందు సీటు కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు. అమ్మ ముందు సీటు బిందుకే ఇచ్చింది. ఆ కోపమే అయి ఉంటుంది.

*

అమ్మకి చెబితే "రుజువు ఏదీ?" అంటుంది. అందుకని మర్నాడు సాయంత్రం, అమ్మ కారు పెట్టి లోపలికి వెళ్లగానే, బిందు నాయనమ్మ ముగ్గు డబ్బా తెచ్చింది. కారు ముందు నేలంతా పలచగా ముగ్గుపిండి చల్లింది.

పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా వచ్చి చూసింది.

చెప్పుల గుర్తులు! ఒక మడమ దగ్గర అరిగిపోయిన గీత. ఆ చెప్పులు ఎవరివో బిందుకు బాగా తెలుసు. రోజూ ఆ చెప్పులతోనే వాళ్ల వాకిట్లో తిరుగుతాడు ఉదయ్.

చెప్పుల గుర్తుల పక్కన ఇంకా ఏవో ఉన్నాయి. నువ్వులు చల్లినట్టు చిన్నచిన్న చుక్కలు, చక్రం పక్కగా వరసగా వెళ్లాయి. 'ఉడతేమోలే' అనుకుంది బిందు. ఆమె వెతుకుతున్నది ఉడత కోసం కాదు.

స్కూల్లో ఆ సంగతి కడుపులో దాచుకోలేకపోయింది. మొదటి పీరియడ్ అవగానే పక్కన కూర్చునే అనూష చెవిలో చెప్పింది.

"ఎవరికీ చెప్పొద్దు. మా కారు రేడియేటర్లో నీళ్లు ఉదయ్ తీసేస్తున్నాడు. నా దగ్గర రుజువుంది."

"అమ్మో! ఎందుకే?"

"ముందు సీటు ఇవ్వలేదని."

అనూష ఎవరికీ చెప్పనంది. ఇంటర్వెల్ అయ్యేసరికి క్లాసంతా తెలిసిపోయింది. వెనక బెంచీ వాడెవడో 'రేడియేటర్ దొంగ' అని పేరు కూడా పెట్టేశాడు. ఉదయ్ నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్తే, "ఒరేయ్, ఉన్న నీళ్లన్నీ తీసేయకు. మాక్కూడా ఉంచు!" అని అరిచారు. అందరూ గొల్లున నవ్వారు.

ఉదయ్ ముందు ఏమీ అర్థంకానట్టు నిలబడ్డాడు. తర్వాత బిందు వైపు చూశాడు. బిందు బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది. 'తప్పు చేసింది వాడు. నేనెందుకు తల దించుకోవాలి?' అని తనకు తనే చెప్పుకుంది.

స్కూల్ వదిలాక ఉదయ్ కారు దగ్గరికి రాలేదు. సాయంత్రం సౌజన్య ఆంటీ వచ్చి, "ఇక నుంచి స్కూల్ బస్సులో వెళ్తానంటున్నాడు జ్యోతీ. ఎందుకో చెప్పడు," అంది.

"మీరిద్దరూ ఏమైనా పోట్లాడుకున్నారా?" అని అడిగింది అమ్మ.

"లేదు," అంది బిందు. పోట్లాట జరగలేదు కాబట్టి అది అబద్ధం కాదనుకుంది.

*

ఉదయ్ బిందు వాళ్ల వాకిట్లోకి రావడం మానేశాడు. కాని కారు వేడెక్కడం మానలేదు.

మడుగు కూడా రోజూ అక్కడే ఉంది.

బిందుకు కొత్త అనుమానం వచ్చింది. 'మేం నిద్రపోయాక వస్తున్నాడేమో!' దొంగ తెలివిమీరాడనుకుంది గాని, అసలు దొంగే లేడేమో అని మాత్రం ఆమెకు తట్టలేదు.

శుక్రవారం మళ్లీ యార్డు దగ్గర ముల్లు ఎర్రగీతను తాకింది. అమ్మ కారు పక్కకి తీసి ఆపేసింది. ఇంజన్ చల్లబడేదాకా ఇద్దరూ ఒక టీ బడ్డీ నీడలో నిలబడ్డారు. షాపుకు ఆలస్యమైంది. అమ్మ ఫోన్లో ఎవరికో సర్దిచెబుతుంటే గొంతు చిన్నదైపోయింది.

ఆ సాయంత్రం నాన్న, "ఇక లాభం లేదు. ఆదివారం బేరానికి ఒకాయన వస్తున్నాడు. ఎంతొస్తే అంతకి ఇచ్చేద్దాం," అన్నాడు.

అమ్మ అన్నం కలుపుతూ ఆగిపోయింది. ఆ కారు మీదే ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది. మొదట్లో గేరు మార్చాలంటే చేతులు వణికేవి. ఇప్పుడు లారీల మధ్యలోంచి భయపడకుండా తీసుకొస్తుంది. కారు లేకపోతే మళ్లీ రెండు ఆటోలు మారి వెళ్లాలి. మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదు. ఒంటిపూట బడి అయ్యాక బిందు ఎలా వస్తుంది?

"రేపొక్కరోజు ఆగండి. ఆటోనగర్‌లో నస్రత్ దగ్గర చూపిస్తాను. ఆ అమ్మాయి కూడా బాగవదంటే మీ ఇష్టం," అంది అమ్మ.

*

నస్రత్ ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. వాళ్ల మామయ్యతో కలిసి ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతోంది. శనివారం స్కూల్ అవగానే అమ్మా బిందూ కారు తీసుకుని అక్కడికి వెళ్లారు. నస్రత్ నీలం చొక్కా వేసుకుని, జుట్టు పైకి ముడేసుకుని ఉంది. వచ్చీ రాగానే బానెట్ ఎత్తుతుందని బిందు అనుకుంది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పండి మేడం. ఎప్పుడు వేడెక్కుతుంది?"

"మధ్యాహ్నం. యార్డు దగ్గర."

"పొద్దున వెళ్లేటప్పుడు?"

"అప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఏమీ కాదు."

"హైవే మీద?"

అమ్మ ఆలోచించింది. "పోయిన ఆదివారం చిలకలూరిపేట వెళ్లొచ్చాం. ముల్లు కదల్లేదు."

"ఏసీ ఎలా ఉంది?"

దానికి బిందు చెప్పింది. "బండి వెళ్తుంటే చల్లగానే వస్తుంది అక్కా. ఆగితే వేడిగాలి వస్తుంది."

నస్రత్ ఆమె వైపు చూసి, "బాగా గమనించావే!" అంది.

ఆ మెప్పుతో బిందుకు ధైర్యం వచ్చింది. "అక్కా, అసలు నాకు దొంగ కూడా తెలుసు."

"దొంగా? ఏం పోయింది?"

"రేడియేటర్లో నీళ్లు. మా పక్కింటి అబ్బాయి తీసేస్తున్నాడు."

"బిందూ!" అంది అమ్మ నివ్వెరపోయి. "ఎవరు? ఉదయా? ఏం మాట్లాడుతున్నావు?"

"నిజమమ్మా! పుల్లతో పొడుస్తుంటే నేను చూశాను. రోజూ కారు కింద మడుగు కూడా ఉంటుంది."

నస్రత్ నవ్వలేదు. కోప్పడనూ లేదు. లేచి బానెట్ ఎత్తింది. "ఇలా రా. నీళ్లు పోయాయో లేదో ముందు చూద్దాం."

లోపల ఒక మూలన తెల్లటి ప్లాస్టిక్ సీసా ఉంది. దాని మీద రెండు గీతలు. ఆ రెండు గీతల మధ్య ఆకుపచ్చటి నీళ్లు కనిపిస్తున్నాయి.

"రేడియేటర్ నీళ్లు తగ్గితే ఈ సీసాలో కింది గీత కన్నా దిగిపోవాలి. దిగాయా?"

బిందు వంగి చూసింది. "లేదు."

"మీరు మధ్యలో ఏమైనా పోశారా మేడం?"

"లేదమ్మా. పోయిన వారం ఆ మెకానిక్ నింపినవే."

"అయితే చుక్క కూడా పోలేదు."

"మరి మడుగు?" అంది బిందు. ఆమె గొంతులో ఇందాకటి ధైర్యం లేదు.

నస్రత్ ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేసింది. కాసేపటికి కారు కింద ఒక గొట్టంలోంచి టప్ టప్ మంటూ చుక్కలు పడ్డాయి.

"చెయ్యి పెట్టు."

బిందు అరచెయ్యి పెట్టింది. చల్లటి నీళ్లు. ఏ రంగూ లేదు, వాసనా లేదు.

"చల్లటి మజ్జిగ పోస్తే గ్లాసు బయట చెమట పడుతుంది కదా? ఏసీకి కూడా అలాగే పడుతుంది. ఆ చెమటే ఇది. ఏసీ వేసిన ప్రతి కారు కిందా ఉంటుంది."

బిందు తన అరచేతిలోని నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది. రోజూ ఆ మడుగును చూసింది. ఒక్కరోజు కూడా వేలు పెట్టి చూడలేదు.

"నీ అనుమానం ఒకటి అయిపోయింది. ఇప్పుడు నా అనుమానం చూద్దాం," అంది నస్రత్. "బండి జోరుగా వెళ్తుంటే ఎదురుగాలి రేడియేటర్‌కి కొడుతుంది. లోపలి నీళ్లు చల్లారతాయి. బండి ఆగిపోతే ఆ గాలి ఎక్కణ్ణుంచి రావాలి?"

బిందు ఇంజన్ ముందు భాగంలోకి చూసింది. అక్కడ నల్లటి రెక్కలు. "ఆ ఫ్యానులోంచి!"

"అది తిరుగుతోందా?"

తిరగడం లేదు. ముల్లు మధ్యగీత దాటింది. ఇంకా పైకి వచ్చింది. ఫ్యాను మాత్రం కదలకుండా కూర్చుంది. నస్రత్ వెంటనే ఇంజన్ ఆపేసింది.

"దొరికిందా? ఫ్యాను పాడైందా?" అని అడిగింది అమ్మ ఆత్రంగా.

"అప్పుడే అనకండి మేడం. ఫ్యానుదే తప్పని మనకింకా తెలీదు."

ఆమె బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి నేరుగా ఫ్యానుకు తగిలించింది. ఫ్యాను గుయ్యిమని తిరిగింది. ఫ్యాను మంచిదే. ఫ్యూజు తీసి చూసింది. అదీ మంచిదే. తర్వాత టార్చ్ వేసి, ఫ్యాను దగ్గర్నుంచి వైరు వెంబడే వేలు జరుపుకుంటూ వెళ్లింది. బ్యాటరీ వెనక ఆమె వేలు ఆగింది.

"ఇదిగో."

వైరు తెగి ఉంది. లోపలి రాగి తీగలు మెరుస్తున్నాయి. తెగినచోట చిన్నచిన్న పళ్ల గాట్లు.

ఆ పక్కనే, బ్యాటరీ సందులో, గుప్పెడు దూది. పరుపు కుట్టించడానికి నాన్న ఇంటి దగ్గర కారు పక్కన పెట్టిన పత్తి మూటలోంచి లాక్కొచ్చిన దూదే అది. అది గుండ్రంగా గిన్నెలా పరిచి ఉంది. అందులో నాలుగు మిరప తొడిమలు, చాక్లెట్ కాగితం ముక్క, కొన్ని నల్లటి పెంటికలు.

"ఎలుక!" అంటూ అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇప్పుడు లేదులెండి. బయటికెళ్లింది," అని నవ్వింది నస్రత్.

బిందుకు నవ్వు రాలేదు. ముగ్గుపిండిలో నువ్వులు చల్లినట్టున్న చుక్కలు ఆమె కళ్ల ముందుకు వచ్చాయి. అవి ఎలుక అడుగులు. ఆ రోజు వాటి పక్కనే కూర్చుంది. చూసింది కూడా. చెప్పుల గుర్తు దొరికిన సంతోషంలో వదిలేసింది.

నస్రత్ కొత్త వైరు వేసి, దాని మీద గట్టి తొడుగు తొడిగింది. ఇంజన్ స్టార్ట్ చేసి అందరూ ఎదురుచూశారు. ముల్లు మధ్యకి వచ్చింది. ఫ్యాను తనంతట తనే గుయ్యిమంది.

"అక్కా," అంది బిందు మెల్లగా. "నీకెవరి మీదా అనుమానం రాదా?"

"రాకేం? నాకు ప్రతిదాని మీదా వస్తుంది. అందుకే ఒక్కోటీ చూసుకుంటూ వెళ్తాను. చూడకుండా విప్పితే మంచి సామాను కూడా పాడవుతుంది," అంది నస్రత్ చేతులు తుడుచుకుంటూ.

*

అమ్మ కావాలనే యార్డు దారిలో వచ్చింది. లారీల మధ్య కారు ఇరుక్కుంది. ఫ్యాను తిరుగుతోంది, ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది. ముల్లు మధ్యలోనే ఉంది. అమ్మ మొహం వెలిగిపోయింది. అంతలోనే బిందు వైపు చూసి, ఆ వెలుగు తగ్గింది.

"ఉదయ్ గురించి ఇంకెవరికైనా చెప్పావా?"

"అనూషకి. తర్వాత క్లాసంతా తెలిసింది. అందరూ వాణ్ణి రేడియేటర్ దొంగ అంటున్నారు. అందుకే బస్సులో వెళ్తున్నాడు."

"అక్కడ ఏం చేస్తున్నావని వాణ్ణి ఒక్కసారైనా అడిగావా?"

బిందు అడ్డంగా తల ఊపింది. ముందున్న లారీ కదిలేదాకా ఇద్దరూ ఆ టిక్కీల వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక నాన్న ఎలుక సంగతి విని పెద్దగా నవ్వాడు. బేరానికి వస్తానన్న ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, ఫోన్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాడు. బండి అమ్మినాయన నంబరు తీశాడు, పెట్టేశాడు, మళ్లీ తీశాడు.

"హలో అన్నా... నేను సురేంద్రని. ఆ రోజు నోరు జారాను. బండిలో తప్పేం లేదు. ఏమనుకోకు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

బిందు అది చూసి, చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్లింది.

ఉదయ్ మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమెను చూసి తల ఎత్తలేదు.

"ఫ్యాను వైరు ఎలుక కొరికింది," అంది బిందు. వేరే ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

"ఫ్యానే అని నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఇంతకు ముందు యార్డు దగ్గర ఆగితే గుయ్యిమని వినిపించేది. ఈమధ్య వినిపించట్లేదు. ఫ్యాను బిగుసుకుపోయిందేమోనని పుల్లతో తిప్పి చూశా. తేలిగ్గానే తిరిగింది. మర్నాడు వైరు చూద్దామని వచ్చా, చీకటిపడి కనపడలేదు."

"మరి అమ్మకి చెప్పొచ్చు కదా?"

"స్కూల్ నుంచి వచ్చేటప్పుడు చెబుదామనుకున్నా." ఉదయ్ ఒక కాయను గట్టిగా నొక్కాడు. "అప్పటికే నన్ను దొంగని చేశావు. ఇంకేం చెప్పను?"

ఆ రోజు డాబా మీంచి అరవడానికి బదులు కిందికి దిగి వచ్చి అడిగి ఉంటే, ఆ సాయంత్రమే సంగతి తేలిపోయేది. అమ్మ శుక్రవారం రోడ్డు మీద నిలబడేది కాదు. బిందు ముక్కు ఎగబీల్చింది.

"సారీరా."

"సరే."

ఆ 'సరే'లో ఏమీ సర్దుకోలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"నాకు నువ్వొక్కదానివే సారీ చెబితే ఏమవుతుంది? బస్సులో చిన్నపిల్లలు కూడా అంటున్నారు," అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

*

సోమవారం పొద్దున బిందు కారు దగ్గరికి వెళ్లలేదు.

"అమ్మా, ఇవాళ నేను స్కూల్ బస్సులో వెళ్తా."

అమ్మ ఆమె మొహంలోకి చూసి, ఎందుకని అడగలేదు. టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "డ్రైవర్ గారికి నేను ఫోన్ చేసి చెబుతాలే," అంది.

బస్సు వచ్చింది. ముందు ఉదయ్ ఎక్కాడు, వెనక బిందు. లోపలి నుంచి ఎవరో, "రేడియేటర్ దొంగొచ్చాడ్రోయ్! నీళ్ల సీసాలు దాచుకోండి!" అని అరిచారు. బస్సంతా నవ్వింది. ఉదయ్ కిటికీ పక్క సీట్లో కూర్చుని, పక్కన ఎవరూ కూర్చోకుండా బ్యాగు పెట్టుకుని, బయటికి చూడడం మొదలుపెట్టాడు.

బిందు కూర్చోలేదు. పైనున్న కడ్డీ పట్టుకుంది.

"వాడు దొంగ కాదు," అంది.

ఎవరికీ వినిపించలేదు. ఈసారి గట్టిగా అరిచింది. "ఉదయ్ దొంగ కాదు! మా కారులో నీళ్లెవరూ తీయలేదు. ఎలుక వైరు కొరికింది. నేను చూసుకోకుండా వాడి పేరు చెప్పాను. తప్పు నాది."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆ తర్వాత ఒకడు కిసుక్కున నవ్వాడు. "ఎలుకా? ఎలుకని పట్టుకోలేక మనిషిని పట్టుకుందిరోయ్!"

అందరూ నవ్వారు. ఇప్పుడు వాళ్లు నవ్వుతున్నది బిందును చూసి. ఆమె చెవులు మండిపోయాయి. అయినా కడ్డీ వదల్లేదు. "అవును. నేనే," అంది. "క్లాసులో కూడా చెబుతాను."

నవ్వులు సద్దుమణిగాక, వెనక సీట్లోంచి ఏడో తరగతి త్రినాథ్ పిలిచాడు.

"ఏయ్ బిందూ, నీకు ఇవన్నీ తెలుసు కదా. మా సైకిల్ గాలి రోజూ ఎవడో తీసేస్తున్నాడు. నాకు మా ఎదురింటి వాడి మీదే అనుమానం. వాడిది అదో రకం చూపు."

బిందు నోరు తెరిచింది, ఆగింది.

"ట్యూబు బకెట్లో ముంచి చూశావా?"

"లేదు. ఎందుకు?"

"ఎక్కడైనా చిల్లుంటే బుడగలొస్తాయి. ముందు అది చూడు."

"బుడగలు రాకపోతే?"

బిందు ఉదయ్ వైపు చూసింది. బస్సు యార్డు దగ్గరికి వచ్చింది. పొద్దున్నే వచ్చిన లారీ ఒకటి అడ్డంగా తిరుగుతోంది. డ్రైవర్ బ్రేకు వేశాడు.

"రాకపోతే వాల్వు చూడాలి," అన్నాడు ఉదయ్, కిటికీలోంచి బయటికే చూస్తూ. "వాల్వు మీద తడివేలు పెడితే తెలిసిపోతుంది."

"సాయంత్రం మా ఇంటికొచ్చి చూస్తారా ఇద్దరూ?" అన్నాడు త్రినాథ్.

ఉదయ్ పక్క సీటు మీది బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బిందు కూర్చుంది. లారీ పక్కకి తప్పుకుంది. బస్సు కదిలింది.